క్యాచ్ క్యాన్ పెట్టించాలా, బ్రీతర్ బయటికి వదలాలా, ఉన్న పైపులే మార్చుకోవాలా: హైదరాబాద్ కార్లకు ఏది సరి

కారు మీద మమకారం ఉన్నవాళ్లు ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ పని అయిపోయాక చేయి పెట్టేది సాధారణంగా బ్రీతర్ పైపు, అంటే ఇంజిన్ లోపల చేరే గ్యాస్‌ను బయటికి తీసే గొట్టం మీదే. ఇంటేక్ పైపు విప్పి చూస్తే లోపల ఆయిల్ జిడ్డు కనిపిస్తుంది. దాంతో టెన్షన్ మొదలవుతుంది. "ఇంజిన్‌లోకి ఆయిల్ పోతోందన్నా, క్యాచ్ క్యాన్ పెట్టించు" అని ఒకరంటారు (ఆ పైపు మధ్యలో పెట్టి, గ్యాస్‌లోని ఆయిల్‌ను పట్టే చిన్న డబ్బా అది). "ఆ పైపు తీసి కిందికి వదిలెయ్, పికప్ పెరుగుతుంది" అని ఇంకొకరు. "కంపెనీ వాడు పెట్టింది ముట్టుకోకు" అని మరొకరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టర్బో లేని మామూలు పెట్రోలు కారుకు కొత్త పీసీవీ వాల్వ్ (ఈ గ్యాస్‌ను ఇంజిన్‌లోకి తిరిగి పంపే దారిలో ఉండే వాల్వ్), సరైన రకం హోస్‌లు చాలు. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోకూ, డీజిల్‌కూ మంచి క్లోజ్డ్ క్యాచ్ క్యాన్ (గ్యాస్‌ను బయటికి వదలకుండా తిరిగి ఇంజిన్‌లోకే పంపేది) నిజంగా పనికొస్తుంది. గ్యాస్‌ను బయటికి వదిలేయడం మాత్రం రోడ్డు మీద తిరిగే ఏ కారుకూ వద్దు. ఏ దారి ఎంచుకున్నా హోస్ దేనితో చేసిందో చూడకపోతే పెట్టిన డబ్బంతా వృథా. అందరూ డబ్బా గురించే మాట్లాడతారు గానీ హోస్ గురించి అడిగేవాళ్లు తక్కువ. అందుకే దాని దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగుతాను.

పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా పూర్తిగా సీల్ చేయలేవు. ఇంధనం మండినప్పుడల్లా కొంత గ్యాస్ రింగుల పక్క నుంచి జారి కింద క్రాంక్‌కేస్, అంటే క్రాంక్ షాఫ్ట్ తిరిగే అడుగు గదిలోకి చేరుతుంది. దీన్నే బ్లో-బై అంటారు. అందులో కాలని పెట్రోలు ఆవిరి, నీటి ఆవిరి, ఆమ్లాలు ఉంటాయి. తిరిగే క్రాంక్ ఎగజిమ్మే సన్నని ఆయిల్ తుంపర వాటికి తోడవుతుంది. ఈ గ్యాస్‌కు దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు, ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ కారడం మొదలుపెడతాయి. ఒకప్పుడు ఒక పైపు పెట్టి ఈ గ్యాస్‌ను నేరుగా రోడ్డు మీదికే వదిలేవారు. కార్ల నుంచి గాల్లో కలిసే హైడ్రోకార్బన్లలో దాదాపు అయిదో వంతు ఆ పైపు నుంచే వస్తోందని తేలాక, 1961 మోడల్ కార్ల నుంచి కాలిఫోర్నియాలో, 1963 నుంచి అమెరికా అంతటా పీసీవీ పద్ధతి వచ్చింది. గ్యాస్‌ను ఇంటేక్ మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకు గాలి పంచే పైపుల్లోకి) తిరిగి లాక్కుని ఇంజిన్‌లోనే కాల్చేయడం ఈ పద్ధతి. ఎయిర్ ఫిల్టర్ దాటి వచ్చిన శుభ్రమైన గాలి రెండో వైపు నుంచి లోపలికి దిగి, తేమనూ ఆమ్లాన్నీ తనతో పాటు లాక్కుపోతుంది. ఇంజిన్ ఆయిల్ త్వరగా చెడిపోకుండా కాపాడేది ఈ గాలి ప్రవాహమే.

పీసీవీ వాల్వ్ తీరు ఇలా ఉంటుంది. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగేటప్పుడు, మానిఫోల్డ్ వాక్యూమ్ బలంగా ఉంటుంది కాబట్టి వాల్వ్ దారిని కొద్దిగానే తెరుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ వాక్యూమ్ తగ్గి దారి పెద్దదవుతుంది. టర్బో కారులో బూస్ట్ వచ్చిందంటే, అంటే టర్బో గాలిని ఒత్తి పంపడం మొదలైతే, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పోయి ఒత్తిడి పుడుతుంది. అప్పుడు వాల్వ్ మూసుకుపోయి, గ్యాస్ మొత్తం బ్రీతర్ పైపు గుండా టర్బో ముందున్న ఇంటేక్ పైపులోకి వెళ్తుంది. అంటే టర్బో పెట్రోలు ఇంజిన్‌లో గ్యాస్‌కు రెండు దారులున్నాయి. క్యాచ్ క్యాన్ ఎక్కడ పెట్టాలన్నది ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

డబ్బు పెట్టే ముందు ఇంజిన్‌ను చూడండి

ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత మెల్లగా తీయండి. ఆ రంధ్రం మీద పల్చటి కాగితం పెట్టండి. పెట్రోలు కారులో కాగితం కొద్దిగా లోపలికి అతుక్కుంటే వ్యవస్థ బాగున్నట్టే. కాగితం పైకి ఎగిరిపడుతుంటే, పొగ గుప్పుగుప్పున వస్తుంటే వాల్వో పైపో మూసుకుపోయి ఉండాలి, లేదా రింగులు అరిగి ఉండాలి. మూత తీయడానికే గట్టిగా లాగాల్సి వచ్చి, ఈల లాంటి శబ్దం వినిపిస్తే పీసీవీ లోపలి డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) చిరిగిందని అనుమానించాలి. పాత ఆక్టావియా, సూపర్బ్‌లలో వచ్చిన 1.8 టీఎస్ఐ లాంటి ఇంజిన్లలో పీసీవీ అంతా ఇంజిన్ నెత్తి మీద ఒక ప్లాస్టిక్ మాడ్యూల్‌గా ఉంటుంది. వాటిలో ఈ డయాఫ్రమ్ చిరగడం తరచూ కనిపించే సమస్యే. డీజిల్ కారులో ఐడిల్‌లో గాలి కొద్దిగా పైకి రావడం మామూలే, కంగారు పడకండి.

వాల్వ్ విడిగా ఉండే కార్లలో దాన్ని ఊడదీసి చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల టకటక శబ్దం రావాలి. రాకపోతే జిడ్డు పట్టి ఇరుక్కుపోయిందన్నమాట.

కాగితం పరీక్షలో గ్యాస్ ఎక్కువగా కనిపించి, వాల్వూ పైపులూ బాగానే ఉంటే సిలిండర్లు ఒత్తిడిని పట్టి ఉంచుతున్నాయో లేదో చూసే కంప్రెషన్ టెస్ట్, వీలైతే లీక్-డౌన్ టెస్ట్ చేయించండి. రింగులు అరిగిన ఇంజిన్‌కు క్యాచ్ క్యాన్ పెడితే జబ్బు పోదు. డబ్బా తొందరగా నిండుతుంది, అంతే. ఇంజిన్ ఆయిల్ తింటోందని క్యాన్ కొనడానికి వెళ్తున్నవారు ముందు ఈ పరీక్షల డబ్బు ఖర్చు పెట్టాలని గట్టిగా చెబుతాను.

ఉన్న వ్యవస్థనే కొత్తది చేసుకోవడం

స్విఫ్ట్, వ్యాగన్ఆర్, ఐ10 లాంటి టర్బో లేని పెట్రోలు కార్లలో ఎక్కువ భాగం పోర్ట్ ఇంజెక్షన్‌వే. ఇంజెక్టర్ పెట్రోలును ఇంటేక్ వాల్వ్ వెనక భాగం మీదే చల్లుతుంది. పీసీవీ నుంచి వచ్చే కొద్దిపాటి ఆయిల్‌ను ఆ పెట్రోలే ఎప్పటికప్పుడు కడిగేస్తుంది. ఇలాంటి కారుకు క్యాచ్ క్యాన్ పెట్టినా మీకు తేడా తెలియదు. పికప్ పెరగదు, మైలేజీ పెరగదు. దానికి బదులు కంపెనీ పీసీవీ వాల్వ్, అది కూర్చునే రబ్బరు గ్రోమెట్, రెండు వైపుల హోస్‌లు, క్లిప్పులు ఒకేసారి మార్చేయండి. చిన్న కార్లలో వాల్వ్ ధర కొన్ని వందల్లోనే ఉంటుంది. అయిదారేళ్లు దాటిన కారైతే హైదరాబాద్ ఎండకు, ట్రాఫిక్‌లో బానెట్ కింద పేరుకునే వేడికి ఆ రబ్బరు ఎలాగూ గట్టిపడి ఉంటుంది. ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉన్న కొన్ని కార్లలో మూల కారణం ఈ పైపుకు వచ్చిన చిన్న పగులే.

బయటికి వదిలేయడం

దీని గురించి ఎక్కువ చెప్పను. ట్యాపెట్ కవర్ మీద చిన్న ఫిల్టర్ బిగించడం, లేదా పైపును కిందికి వంచి రోడ్డు మీదికి వదలడం, రెండూ ఒకటే. వాక్యూమ్‌తో లాగేది ఏదీ ఉండదు కాబట్టి తేమ, ఆమ్లం ఆయిల్‌లోనే నిలిచిపోతాయి. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగితే ఆ వాసన ఏసీ దారిన క్యాబిన్‌లోకి వస్తుంది. ఇంజిన్ చుట్టూ ఆయిల్ పొర కట్టి దాని మీద దుమ్ము అంటుకుంటుంది. గాలిని కొలిచే సెన్సర్ ఉన్న కారులో ఇంటేక్ వైపు రంధ్రం సరిగా మూయకపోతే లెక్కలోకి రాని గాలి లోపలికి వెళ్లి, ఐడిల్ ఊగిసలాడి, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. పెట్రోలు ఇంజిన్ క్రాంక్‌కేస్ గ్యాస్ గాల్లోకి అసలు రాకూడదన్నది భారత్ స్టేజ్ నిబంధన కూడా. పొల్యూషన్ చెక్ చేసేవాళ్లు సైలెన్సర్‌లో గొట్టం పెట్టి చూస్తారే తప్ప బానెట్ ఎత్తి ఈ పైపు చూడరు. పట్టుబడం కదా అని వదిలితే ఆ విషం పీల్చేది వెనకాల బైక్ మీద పిల్లల్ని ఎక్కించుకుని వస్తున్న మనిషే.

ఇంతకన్నా చెడ్డ పని పైపును మూసేయడం. "జిడ్డు వస్తోంది కదా" అని బోల్టు దూర్చి క్లిప్ బిగించిన కార్లు షెడ్లకు వస్తుంటాయి. క్రాంక్ వెనక సీల్ కారడం మొదలైతే గేర్‌బాక్స్ దింపాలి. ఆ బిల్లు ముందు ఏ క్యాచ్ క్యాన్ ధరా లెక్కలోది కాదు.

క్యాచ్ క్యాన్ ఎవరికి

డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. ఇంటేక్ వాల్వ్‌ల వెనక భాగాన్ని కడిగేది ఏదీ లేదు. పీసీవీ నుంచి వచ్చిన ఆయిల్ తుంపర వేడి వాల్వ్ మీద పడి, మాడి, నల్లటి కార్బన్‌గా గట్టిపడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలి దారి ఇరుకై మిస్సింగ్ మొదలవుతుంది. అప్పుడు మానిఫోల్డ్ దింపి వాల్‌నట్ పొడితో బ్లాస్టింగ్ చేయించాల్సి వస్తుంది. వెన్యూ 1.0 టర్బో, సెల్టోస్ 1.5 టర్బో, టైగన్, వర్టస్, కుషాక్, స్లావియా టీఎస్ఐ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. వీటికి క్యాచ్ క్యాన్ ఆలోచన సబబే. కార్బన్‌ను పూర్తిగా ఆపుతుందని చెప్పను, ఎందుకంటే కార్బన్‌కు ఇంకా వేరే కారణాలు ఉన్నాయి. ఆయిల్ వాటాను మాత్రం తగ్గిస్తుంది.

ఇక్కడే మీరు తిరిగే దారి లెక్కలోకి వస్తుంది. రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ట్రాఫిక్‌లో పాకుతూ వెళ్లే కారులో ఎక్కువ సేపు వాక్యూమే ఉంటుంది కాబట్టి గ్యాస్ పీసీవీ దారిన పోతుంది. క్యాన్ ఆ పైపులో ఉండాలి. వారాంతాల్లో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, అక్కడి నుంచి విజయవాడ హైవే మీద గట్టిగా నడిపేవారి కారు ఎక్కువగా బూస్ట్‌లో ఉంటుంది. ఆ ఆయిల్ బ్రీతర్ దారిన టర్బో లోకి, ఇంటర్‌కూలర్ లోకి పోతుంది. రీమ్యాప్ చేయించిన (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించిన) కారైతే ఇంకా ఎక్కువ. మార్కెట్లో దొరికే చాలా కిట్లు ఒక్క దారినే చూసుకుంటాయి. షాపులో "ఇది ఏ వైపుకి?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ కిట్ అక్కడ కొనకండి. రెండు రకాల నడకా ఉంటే రెండు దారులకూ క్యాన్ కావాలి, లేదా రెండు ఇన్‌లెట్లూ చెక్ వాల్వ్‌లూ (గ్యాస్‌ను ఒకే వైపు పోనిచ్చేవి) ఉన్న ఒకే క్యాన్ తీసుకోవాలి.

డీజిల్ సంగతి వేరు. అక్కడ బ్రీతర్ గ్యాస్ సెపరేటర్ దాటి టర్బో ముందుకు వస్తుంది. దాని ఆయిల్, ఈజీఆర్ (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) నుంచి వచ్చే మసి కలిసి మానిఫోల్డ్‌లో తారు లాంటి ముద్దగా పేరుకుంటాయి. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన డీజిల్ మానిఫోల్డ్ విప్పినప్పుడు దారి సగానికి పైగా మూసుకుపోయి ఉండటం వింత కాదు. కాబట్టి డీజిల్‌కు క్యాచ్ క్యాన్ మంచిదే. అయితే గ్యాస్ ఎక్కువ కాబట్టి పెద్ద సైజు క్యాన్, లావు హోస్ కావాలి, ఫిల్టర్ మూసుకుపోతే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ తప్పనిసరి. నిండిపోయిన క్యాన్‌ను పట్టించుకోకుండా వదిలేస్తే ఆ ఆయిల్‌ను టర్బో లాక్కుంటుంది. డీజిల్ ఇంజిన్ తాళం తీసేసినా ఆ ఆయిల్‌నే మండించుకుంటూ అదుపు తప్పి తిరిగే ప్రమాదం ఉంది. క్యాన్ ఖాళీ చేయడం గుర్తుండదనుకునేవారు డీజిల్‌కు క్యాన్ పెట్టించకపోవడమే క్షేమం.

క్యాన్ కొనేటప్పుడు మూత విప్పించి లోపల చూడండి. ఇన్‌లెట్ నుంచి వచ్చిన గ్యాస్ అడ్డుపలకలు దాటి, సన్నని స్టీల్ మెష్ గుండా వెళ్లి, అప్పుడు అవుట్‌లెట్‌కు చేరాలి. లోపల ఏమీ లేకుండా ఇన్‌లెట్, అవుట్‌లెట్ పక్కపక్కనే ఉన్న రంగురంగుల అల్యూమినియం డబ్బాలు ఆయిల్‌ను పట్టవు, గ్యాస్ ఇటు దూరి అటు పోతుంది. కొందరు అలాంటి డబ్బాలో గిన్నెలు తోమే స్టీల్ పీచు కూరుతారు. దాని పోగులు తెగి ఇంజిన్‌లోకి పోతాయి, దయచేసి ఆ పని చేయకండి. ఫిట్టింగ్ లోపలి రంధ్రం కూడా వేలు పెట్టి చూడండి. హోస్ 19 మిల్లీమీటర్లదైనా ఫిట్టింగ్ రంధ్రం 10 మిల్లీమీటర్లుంటే మీరు బ్రీతర్‌ను దాదాపు ముప్పావు వంతు మూసేసినట్టే. పక్కన పారదర్శక ప్లాస్టిక్ గొట్టంతో లెవెల్ చూపించే క్యాన్లు చూడ్డానికి బాగుంటాయి గానీ ఆ గొట్టం వేడికి పెళుసెక్కి చిట్లుతుంది. డిప్‌స్టిక్ ఉన్నది మేలు.

హోస్ ఏది

షాపులో అన్నీ నల్ల రబ్బరు పైపులే. చూడటానికి ఒకటే, లోపలి పదార్థం వేరు. తేడా తెలియక రేడియేటర్ హోస్ ముక్క కోసి బ్రీతర్‌కు పెట్టడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. కూలెంట్ హోస్‌లు సాధారణంగా ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు. నీటికీ వేడికీ అది భేషుగ్గా నిలుస్తుంది. ఆయిల్ తగిలితే మాత్రం ఉబ్బి, మెత్తబడి, వాక్యూమ్‌కు లోపలికి నొక్కుకుపోతుంది. పైనుంచి చూస్తే పైపు బాగానే కనిపిస్తుంది, లోపల దారి మూసుకుపోయి ఉంటుంది.

నీలం, ఎరుపు రంగుల్లో మెరిసే సిలికాన్ హోస్ మీదే అందరి మోజూ. వేడిని 180 డిగ్రీల వరకు తట్టుకుంటుంది, నిజమే. కానీ మామూలు సిలికాన్‌కు ఆయిల్, పెట్రోలు ఆవిరి పడవు. కొన్నాళ్లకు ఉబ్బుతుంది, గోడ గుండా ఆయిల్ చెమటలా బయటికి ఊరుతుంది. సిలికానే కావాలనుకుంటే లోపల ఫ్లోరోసిలికాన్ పూత ఉన్నదే అడగండి. టర్బో తర్వాతి గాలి పైపుకు మామూలు సిలికాన్ ఎందుకు వాడతారంటే అక్కడికి చేరే ఆయిల్ తక్కువ. బ్రీతర్‌లో రోజంతా ఆయిల్ ఆవిరే.

నైట్రైల్ రబ్బరు, అంటే ఎన్‌బీఆర్, ఆయిల్‌కు బాగా నిలుస్తుంది, ధర తక్కువ. దాదాపు 100 డిగ్రీల వరకు నిశ్చింత. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు దూరంగా పోయే పైపుకు ఇది చాలు. హోస్ మీద ఎస్ఏఈ 30ఆర్7 అని అచ్చు ఉంటే తీసుకోండి, ఆ రకం పీసీవీ, ఇంధన ఆవిరి పైపుల కోసం ఉద్దేశించినదే. టర్బో పక్కగా వెళ్లే పైపుకు ఎఫ్‌కేఎం అనే రబ్బరు ఉత్తమం. వైటన్ అంటే షాపుల్లో అర్థమవుతుంది. ఆయిల్, పెట్రోలు, 200 డిగ్రీల వేడి, మూడింటినీ భరిస్తుంది. ఖరీదు ఎక్కువే, కానీ ఒక కారుకు మీటరుకు మించి పట్టదు. పారదర్శక పీవీసీ పైపు మాత్రం ఎంత చవకైనా వద్దు. వేడికి మెత్తబడి నొక్కుకుపోతుంది, చల్లారితే గట్టిపడి పగులుతుంది.

రాణిగంజ్‌లో రబ్బరు సామాను, హైడ్రాలిక్ హోస్‌లు అమ్మే షాపుల్లో ఇవన్నీ మీటరు లెక్కన కోసిస్తారు. బ్రీతర్ పైపు అనకుండా "ఆయిల్, పెట్రోలు ఆవిరి తగులుతుంది, వాక్యూమ్ ఉంటుంది, ఇంత వేడి" అని పని చెప్పి అడగండి. అనుమానం ఉంటే వేలెడు ముక్క కొనుక్కుని రెండుగా కోయండి. ఒకదాన్ని పాత ఇంజిన్ ఆయిల్‌లో కాస్త పెట్రోలు కలిపి రెండు రోజులు నానబెట్టండి. తర్వాత రెండిటినీ పక్కపక్కన పెట్టి వేళ్లతో నొక్కితే తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. నానిన ముక్క ఉబ్బి, గోరు దిగబడేంత మెత్తగా అయితే అది మీ ఇంజిన్‌కు పనికిరాదు.

కొత్త కార్లలో కంపెనీ నుంచే నైలాన్ ప్లాస్టిక్ పైపు, నొక్కి పెట్టే క్లిప్ ఉంటాయి. పాతబడ్డాక వాటిని విప్పితే విరగడం ఖాయం. పని మొదలుపెట్టే ముందే కొత్త పైపు తెచ్చిపెట్టుకోండి. యూరప్‌లో మంచుకు బ్రీతర్ గడ్డకట్టకుండా వేడిచేసే పైపులు పెడతారు. మన దగ్గర ఆ ఖర్చు అనవసరం.

బిగించేటప్పుడు, ఆ తర్వాత

హోస్ సైజు కంపెనీ పైపు కన్నా తగ్గకూడదు. మధ్యలో కిందికి వేలాడే వంపు ఉంటే అక్కడ ఆయిల్ నిలుస్తుంది, క్యాన్ వైపు వాలు ఉండాలి. క్యాన్‌ను ఎగ్జాస్ట్‌కు దూరంగా, గాలి తగిలే చోట బిగించండి. అది ఎంత చల్లగా ఉంటే ఆవిరి అంత బాగా ద్రవంగా మారుతుంది. హోస్‌ను కోసేయని నున్నటి పట్టీ ఉన్న క్లిప్పులు వాడండి. అంతా అయ్యాక ఐడిల్‌లో ప్రతి జాయింట్ దగ్గర చెవి పెట్టి బుస్సుమనే శబ్దం ఉందేమో వినండి, మళ్లీ కాగితం పరీక్ష చేయండి. కంపెనీ పైపులు, క్లిప్పులు పారేయకుండా దాచుకోండి. వారంటీలో ఉన్న కారైతే క్లెయిమ్ తిరస్కరించడానికి ఈ మార్పు ఒక సాకు అవుతుంది, అందుకే వారంటీ అయ్యాక చేయించడమే నా సలహా.

మొదట్లో 1000 కిలోమీటర్లకోసారి క్యాన్ తెరిచి ఎంత చేరిందో చూడండి. దాన్నిబట్టి మీ కారుకు తగిన గడువు తెలుస్తుంది. జనవరి చలిలో, వానాకాలంలో, ఇల్లు-ఆఫీసు మధ్య చిన్న దూరాలే తిరిగే కారులో నీరు ఎక్కువ చేరి తెల్లటి చిక్కటి జిడ్డు కనిపిస్తుంది. కూలెంట్ తగ్గకపోతే హెడ్ గ్యాస్కెట్ పోయిందని భయపడక్కర్లేదు. క్యాన్‌లో చేరింది నీరు, పెట్రోలు, ఆమ్లం కలిసిన ఆయిల్. దాన్ని తిరిగి ఇంజిన్‌లో పోయకండి, మోరీలోనూ పోయకండి. ఒక సీసాలో పోసుకుని ఆయిల్ మార్పించేటప్పుడు సర్వీస్ సెంటర్‌లో వాడేసిన ఆయిల్ డ్రమ్ములో కలిపేయండి.